కరెంటు లేని పేరు

"సృజనా! కరెంట్ ఉన్నదా?"

లింగవ్వ రోడ్డు అవతల నిలబడే అరిచింది. ఉన్నదంటేనే ఆమె రోడ్డు దాటుతుంది. లేదంటే ఆ మోకాళ్లకు అంత శ్రమ ఎందుకు? కోరుట్లలో జిరాక్సు షాపుకు వచ్చేవాళ్లంతా అంతే. మంచిచెడ్డలు తర్వాత, ముందు కరెంటు.

"ఉన్నది, రా అవ్వా," అంది సుమలత.

తన పేరు సృజన కాదని చెప్పడం ఆమె మానేసింది. కొత్తలో చెప్పేది. చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్లు నాలిక కరుచుకొని, "అయ్యో, మర్శిన బిడ్డా, నువ్వు రెండో ఆమెవు గదా" అనేవాళ్లు. ఆ మాట పడేకంటే పోయినామె పేరుకు పలకడమే నయమనిపించింది. బోర్డు మీద కూడా ఆ పేరే ఉంది మరి, సృజన జిరాక్స్ అండ్ ఫోటోస్ అని. పేరొకరిది, చాకిరీ ఒకరిది.

లింగవ్వ మెట్టెక్కి, కొంగు ముడి విప్పి, ఆధార్ కార్డు తీసి చీరకు తుడిచి మరీ ఇచ్చింది. సుమలత కంప్యూటర్ స్విచ్ వేసింది. తెర నల్లబడింది. నలుపు మీద తెల్లటి అక్షరాలు, ఒకదాని కింద ఒకటి.

విండోస్ సెవెన్.

విండోస్ సెవెన్.

మొన్నటిదాకా ఇట్లా ఉండేది కాదు. కంప్యూటర్ మొరాయిస్తే మేడిపల్లి సామేలు వచ్చి, పాతదంతా తుడిచేసి విండోస్ కొత్తగా ఎక్కించి పోయాడు. కోరుట్లలో కంప్యూటర్ పాడైతే అందరూ పిలిచేది అతన్నే. అప్పటినుంచి తెరవగానే ఈ రెండు పేర్లు. పైది నొక్కితే షాపు తెరుచుకుంటుంది. కింది పేరు నొక్కితే చీకటి, దాని మీద ఏదో ఇంగ్లీషు గొణుగుడు. మళ్లీ ఆపి వేయాల్సిందే.

"పాతది పోయింది అక్కా. పేరే పోలే," అన్నాడు సామేలు ఆ రోజు నవ్వుతూ. "ఉండనీ, అదేం అన్నం అడుగుతదా? నువ్వు పైదే ఒత్తు."

సుమలతకు నవ్వు రాలేదు. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే మెడ దగ్గరికి పోయింది. పుస్తెల పక్కన అదే తాడుకు చిన్న వెండి బిళ్ల ఉంది, దాని మీద గీతల్లో ఒక ఆడమనిషి బొమ్మ. ఆ ఇంటి ఆచారం అది. మొదటి భార్య పోయిన మగవాణ్ని చేసుకున్నామె తన పుస్తెల పక్కన పోయినామెను కూడా కట్టుకోవాలి. సవతి బిళ్ల అంటారు. పెండ్లి రోజు అత్త ముత్తమ్మ దాన్ని తాడుకు ఎక్కిస్తూ పక్కనున్న మనవరాలితో, "సూడు మనీ, మీ అమ్మ యీడనే ఉంటది ఇగ" అంది. మనీషా దాని వంక చూసింది గానీ, అది వేసుకున్నామె మొహం వంక చూడలేదు.

లింగవ్వ పోయాక మేడిపల్లి దిక్కు నుంచి ఒక యువకుడు వచ్చాడు. దుబాయికి పోతున్నాడట, తెల్ల బ్యాక్‌గ్రౌండుతో ఫోటోలు కావాలన్నాడు. షాపులో మేకుకు ఎప్పుడూ ఒక నల్ల కోటు వేలాడుతుంటుంది. గల్ఫుకు పోయేవాళ్లందరికీ అదే కోటు. చేతులు ఎవరికీ సరిపోవు. ఫోటోలో చేతులు పడవు కనుక ఎవరికీ బాధ లేదు. పారాణి ఆరకముందే గణేశ్ కూడా ఆ కోటు వేసుకొని ఇదే స్టూలు మీద కూర్చున్నాడు. మొగుణ్ని ఫోటో తీసి, వెనక తెలుపు పులిమి, కత్తెరతో వరసగా కత్తిరించి కవర్లో పెట్టి ఇచ్చింది సుమలతే.

"గదువ జర పైకి లేపు," అంది ఆ యువకుడితో. అతడు గడ్డం ఎత్తాడు. కెమెరా నొక్కింది. కార్డు తీసి కంప్యూటర్లో పెట్టి, అతని వెనకున్న గోడను చెరిపేస్తోంది. చెవి చుట్టూ చెరపడం కష్టమైన పని, కొంచెం చెయ్యి జారితే మనిషికి చెవి ఉండదు. ఆ చెవి దగ్గర ఉండగానే కరెంటు పోయింది. యూపీఎస్ ఒకసారి కుయ్యిమని అదీ ఊరుకుంది.

"ఎప్పుడత్తదక్కా?"

"దానికే ఎరుక," అంది సుమలత. రేపొచ్చి తీసుకుంటానని అతడు వెళ్లిపోయాడు.

కరెంటు, బడి విడిచిన మనీషా ఇంచుమించు ఒకేసారి వచ్చారు. నాలుగో తరగతి పిల్ల. సంచి మూలకు పారేసి, ఎవరితోనూ మాట్లాడకుండా స్టూలెక్కి కంప్యూటర్ ముందు కూర్చుంది. అది మొదటినుంచీ ఆ పిల్ల చోటు. విండోస్ మార్చకముందు తెర మీద వాళ్లమ్మ ఫోటో ఉండేది. ధర్మపురి గోదావరిలో మునిగి లేచి, తడి జుట్టుతో, ఎవరినో చూసి పకపకా నవ్వుతున్న సృజన. విండోస్ మార్చినరోజు బడి నుంచి వచ్చి చూస్తే, నవ్వే అమ్మ బదులు ఉత్త నీలం రంగు ఉంది. "మా అమ్మేది?" అని ఒక్క మాట అడిగింది. పోయిందని ఎట్లా చెప్పాలో సుమలతకు తెలియలేదు. ఇంట్లో గోడకు దండేసిన ఫోటో ఉంది గానీ, అందులో సృజన నవ్వదు.

మనీషా స్విచ్ వేసింది. రెండు పేర్లు వచ్చాయి. వేలితో కిందికి బాణం నొక్కి, ఎంటర్ కొట్టింది. తెర చీకటైపోయింది. పిల్ల చేతులు ఒళ్లో పెట్టుకొని ఆ చీకటిని చూస్తూ కూర్చుంది.

రోజూ ఇదే పని. పైది తెరువు అంటే వినదు. ఆ కింది పేరులో వాళ్లమ్మ ఉందనుకుంటోంది, ఎప్పటికైనా తెరుచుకుంటుందని కాచుకొని ఉంటోంది అని సుమలత ఏనాడో అర్థం చేసుకుంది. అర్థమైంది గానీ ఏం చెయ్యాలి? లేదని చెప్పడానికి నోరు రాదు. ఉందని చెప్పడానికీ రాదు.

ఆమె కత్తెర పక్కన పెట్టి లేచి వెళ్లింది. పిల్ల వెనక నిలబడి, భుజం మీదుగా వంగి, స్విచ్ ఆపి మళ్లీ వేయాలి. కొత్తలో అట్లా వంగినప్పుడల్లా మెడలోని వెండి బిళ్ల ఊగి పిల్ల నడినెత్తిన టక్కున తగిలేది. "అయ్యో, తాకిందా?" అంటే పిల్ల జవాబిచ్చేది కాదు. చచ్చిపోయిన తల్లి బిళ్ల, కొత్తగా వచ్చినామె మెడలోంచి వచ్చి నెత్తికి తగిలితే ఏ పిల్లకైనా కోపం రాదా? మొన్నటినుంచి సుమలత వంగే ముందు దాన్ని జాకెట్లోకి దోపుకుంటోంది. ఇప్పుడూ దోపుకొని వంగింది. పైపేరు నొక్కింది. మనీషా స్టూలు దిగి, సంచి తీసుకొని, చెప్పకుండా ఇంటికి వెళ్లిపోయింది.

చెప్పడానికైనా పిలవడానికో వరస ఉండాలి కదా. ఆ పిల్ల ఆమెను ఇప్పటిదాకా ఏమనీ పిలవలేదు. "అన్నం పెడ్తవా?" అంటుంది. "జడ ఎయ్యి" అంటుంది. ముందూ వెనకా ఏమీ ఉండదు.

శుక్రవారం కనుక సాయంత్రం గణేశ్ ఫోన్ చేశాడు. మస్కట్‌లో అతనికి అదొక్కటే సెలవు.

"తిన్నవా?"

"తిన్న."

"షాపు నడుత్తందా?"

"నడుత్తంది."

అవతల గదిలో ఎవరో దగ్గుతున్నారు. ఇంకెవరో గిన్నె గీకుతున్నారు. మొగుడూ పెళ్లాల మధ్య మాటలు లేనప్పుడు పక్కవాడి దగ్గు కూడా ఎంత బాగా వినిపిస్తుందో!

"మనీ మంచిగుందా?"

"ఉన్నది. నాతోని మాట్లాడదు."

"శిన్న పోరి. మెల్లగ అదే మాట్లాడుతది. నువ్వే జర ఓపిక పట్టాలె సృజ..." అని ఆగిపోయాడు. సగం పేరు గొంతులోనే మింగాడు. "సరే, మల్ల చేత్త" అని పెట్టేశాడు.

అతని తప్పు కూడా కాదు. అన్నేళ్లు అలవాటైన నాలుక. ఆ సంగతి సుమలతకు తెలుసు. తెలిసినంత మాత్రాన నొప్పి తగ్గుతుందా? ఏడుపు కూడా రాలేదు. ఏడవడానికైనా ఎదురుగా ఎవరో ఒకరు ఉండాలి. కాసేపు ఆ నల్ల కోటు వంక చూసి, ముస్తాబాద్‌లో ఉన్న తన అన్నకు ఫోన్ చేసింది. హన్మంతు ముస్తాబాద్ సిరిసిల్లల మధ్య ఆటో నడుపుతాడు.

"అన్నా, ఆదివారం వచ్చి నన్ను తోలుకపో."

"ఏమైంది చెల్లె? కొట్లాడిన్రా?"

"కొట్లాడనీకి ఈడ ఎవలున్నరన్నా," అంది.

మర్నాడు పొద్దున, షాపు అప్పగించి పోయేముందు కంప్యూటర్ అయినా సరిచేసి పోదామనిపించి సామేలును పిలిచింది. తర్వాత వచ్చి కూర్చునేవాళ్లకు రెండు పేర్ల గోల ఎందుకు? బడికి సెలవేమో, మనీషా స్టూలు మీదే ఉంది. సామేలు నిలబడే మౌసు అందుకున్నాడు.

"సులువే అక్కా. నువ్వు సుత నేర్సుకో. గీడ ఎంఎస్‌కాన్ఫిగ్ అని కొట్టాలె. గిట్ల డబ్బా అత్తది. బూట్ అన్నకాడ ఒత్తు. సూడు, రెండు పేర్లు. ఏది నడుత్తదో దాని పక్కపొంటి కరెంట్ ఓఎస్ అని ఉంటది. దాన్ని ముట్టకు. ముట్టినా అది పోదనుకో. ఉత్త పేరున్నదాన్ని పట్టుకొని డిలీట్ ఒత్తితె..."

"తియ్యద్దు!"

మనీషా మౌసు వైరును రెండు చేతులతో గుంజి పట్టుకుంది. సామేలు చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"అరే, ఉత్త పేరే పాపా. అండ్ల ఏం లేదు."

"తియ్యద్దంటన్న గద!"

పిల్ల వైరు వదల్లేదు. కళ్లల్లో మాత్రం నీళ్లు లేవు. ఆ గొంతు అంత గట్టిగా సుమలత ఎప్పుడూ వినలేదు. వచ్చిందల్లా తల్లి పేరు కోసమే వచ్చింది.

"ఉండనీ తమ్మీ," అంది. "మల్ల సూద్దాం."

సామేలు తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. కంప్యూటర్ జబ్బులు తెలిసినంతగా ఇళ్లల్లో జబ్బులు తెలియవు అతనికి, పాపం.

ఆ మునిమాపు ముత్తమ్మ వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతోంది. తునికాకులో పొగాకు పోసి, చుట్టి, కొన మడిచి, దారం వేసి పారేస్తోంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే కళ్లు కోడలి సంచి మీదికి పోయాయి.

"పోతనంటివట. మీ అన్న ఫోన్ జేసిండు."

సుమలత చీరలు మడత పెడుతూ తలూపింది.

"ఆపుతందుకు నాకు మొఖం లేదు బిడ్డా. తెచ్చి నిన్ను ఇంట్ల పెట్టి, వాన్ని విమానం ఎక్కిత్తిమి. అప్పులోల్ల బాధ మాదైతె, ఒంటరి బాధ నీకైంది." ఒక బీడీ కొన ఊడిపోయింది. మళ్లీ చుట్టింది. "షాపు ఎవలకన్న కిరాయికిత్త. ఏం జేత్తం."

"మనీకి చెప్పినవా అత్తమ్మా?"

"చెప్పిన."

"ఏమన్నది?"

"ఏమనలే. చాటల కత్తెర తీస్కపోయి ఆకులు కత్తిరిచ్చుకుంట కూసున్నది. అన్ని ఆకులు ఖరాబు జేసింది."

ఆదివారం హన్మంతు పొద్దున్నే దిగాడు. చెల్లెలి అత్తగారింటి కాఫీ టీలేవీ వద్దని షాపు మెట్టు మీదే కూర్చున్నాడు, పక్కన ఆమె సంచి. "సిరిసిల్ల బస్సు ఇగ అత్తది చెల్లె. జల్ది కానీ," అన్నాడు. మనిషి కోపంగా ఉన్నాడు గానీ ఎవరి మీద కోపపడాలో తెలియక రోడ్డు మీద పోయే ఆటోలను చూస్తున్నాడు.

సుమలత లోపల సర్దుతోంది. ఫోటో పేపరు ఒక పక్క, లామినేషన్ కవర్లు ఒక పక్క. కోటు దులిపి మేకుకు తగిలించింది. కంప్యూటర్ వేసేసరికి మనీషా వచ్చి స్టూలెక్కింది. ఈసారి కింది బాణం నొక్కలేదు. పైపేరు తెరుచుకోనిచ్చింది. సుమలత పక్కన నిలబడి, సామేలు చెప్పినట్టు ఒక్కొక్కటే నొక్కి ఆ డబ్బా తెరిచింది.

"నిన్ను అడగకుంట తియ్య," అంది. "నువ్వు వద్దంటె గిట్లనే ఉంచి పోత."

మనీషా తెరకు మొహం దగ్గరగా పెట్టి, బళ్లో చదివినట్టు వేలు పెట్టి చదివింది. "విండోస్ సెవెన్. కరెంట్ ఓఎస్." వేలు కిందికి జరిగింది. "విండోస్ సెవెన్." అక్కడ ఇంకేమీ లేదు. "దీనికి కరెంట్ అని రాయలే."

"రాయలే."

"అమ్మదానికి కరెంట్ లేదు."

కరెంట్ అంటే అది కాదని, ఇప్పుడు నడుస్తున్నది అని అర్థమని సుమలత చెప్పబోయింది. నోటిదాకా వచ్చిన ఆ మాట ఆగిపోయింది. పిల్ల చదివిందాంట్లో తప్పేముంది?

"అండ్ల ఏం లేదు బిడ్డా," అంది మెల్లగా.

"నాకెరుకే."

"ఎరుకనా?"

"మా అమ్మ సచ్చిపోయింది గద. కంప్యూటర్ల ఎట్లుంటది?" పెద్ద మనిషి చిన్నవాళ్లకు చెప్పినట్టే చెప్పింది.

"మరి రోజూ ఎందుకు ఒత్తుతున్నవే?"

మనీషా కీబోర్డు సందుల్లో దుమ్మును గోటితో గీకింది.

"గది ఒత్తితె నువ్వు లేశి అత్తవ్. నా ఎనుక వంగుతవ్. నీ బిళ్ల నా తలకు తాకుతది." ఇంకొంచెం దుమ్ము గీకింది. "మొన్నటి సంది లోపల దోపుకుంటన్నవ్."

పిల్లకు నొప్పి కలగకూడదని సుమలత దాచిందే, పిల్ల రోజూ చీకటి తెర ముందు కూర్చొని కోరుకున్నది. ఎంత పిచ్చిదాన్ని, ఒక్కసారి అడిగితే అయిపోయేది కదా అనుకుంది. కానీ ఈ ఇంట్లో ఎవరు ఎవరిని ఏం అడిగారని?

బయటి నుంచి హన్మంతు, "చెల్లె, బస్సు!" అన్నాడు.

మనీషా మౌసు పట్టుకొని పైపేరు మీద నొక్కింది. డిలీట్ అన్న గుర్తు వెలిసిపోయినట్టు బూడిదరంగైంది. దాని మీద నొక్కింది. ఏమీ కాలేదు. ఇంకోసారి గట్టిగా నొక్కింది.

"పోతలేదు."

"పోదు. మనం ఇప్పుడు దాంట్లనే ఉన్నం. ఉన్నదాన్ని తీసేసుడు ఉండదు."

"దానికి కరెంట్ ఉన్నది గందుకే పోదు."

"ఆ, గందుకే."

మనీషా తల తిప్పి, ఈ ఇంటికి వచ్చాక మొట్టమొదటిసారి సూటిగా ఆమె మొహంలోకి చూసింది.

"మరి నువ్వెట్ల పోతున్నవ్?"

తన కష్టం చెప్పుకోవడానికి సుమలత ఎన్ని మాటలు పోగేసుకుందో, సిరిసిల్ల దాకా బస్సులో అన్నకు ఏమేం చెప్పాలనుకుందో, అవన్నీ ఈ పిల్ల ముందు ఒక్కటీ పనికిరాలేదు. అమ్మ పోయింది. నాన్న విమానమెక్కాడు. మూడోది తాను. కళ్లల్లో నీళ్లు ఎప్పుడు నిండాయో తెలియలేదు, తెర మీది రెండు పేర్లూ కలిసిపోయి కనిపించాయి.

రోడ్డు మీద సిరిసిల్ల బస్సు ఆగి, హారన్ కొట్టి, కదిలిపోయింది. హన్మంతు లేచి నిలబడి లోపలికి చూశాడు. చూసి మళ్లీ కూర్చున్నాడు.

"తియ్యనా?" అంది మనీషా. కింది పేరు మీద వేలు పెట్టి ఉంది.

"నీ ఇష్టం."

"తీసినా బిళ్లల ఉంటది గద మా అమ్మ."

"ఉంటది. నా మెడల ఉన్నన్ని రోజులు ఉంటది."

ఈసారి డిలీట్ వెలిసిపోలేదు. మనీషా నొక్కింది. కింది పేరు చప్పుడు లేకుండా పోయింది. కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలైంది. నల్ల తెర మీద రెండు పేర్లు రాలేదు, ఏదీ ఎంచుకోమని అడగలేదు. తిన్నగా షాపు తెరుచుకుంది. పిల్ల ఆ నీలం రంగు వంక బిక్కమొహం వేసుకొని చూసింది. ఇక నొక్కడానికి ఏమీ లేదు మరి.

సుమలత జాకెట్లోంచి తాడు బయటికి తీసింది. పిల్ల వెనకకు వెళ్లి, కీబోర్డు మీద ఏ పనీ లేకపోయినా, భుజం మీదుగా వంగింది. వెండి బిళ్ల ఊగి నడినెత్తిన తగిలింది. మనీషా కదలలేదు. కళ్లు మూసుకుంది.

"సృజనా! కరెంట్ ఉన్నదా?"

రోడ్డు అవతల లింగవ్వ. చేతిలో ఏదో కాగితం. సుమలత నోరు తెరిచేలోపే మనీషా స్టూలు దిగి మెట్టు దాకా ఉరికింది.

"ఉన్నది అవ్వా. మా శిన్నమ్మ ఉన్నది, రా!"

లింగవ్వ అటూ ఇటూ చూసుకుంటూ రోడ్డు దాటింది. ముసలామె మెట్టెక్కడానికి అడ్డంగా ఉందని హన్మంతు సంచి తీసి షాపు లోపల పెట్టాడు.